కంచం లెక్క: ఇంట్లో ఎవరు ఎన్నిసార్లు కూరగాయలు, ఎన్నిసార్లు మాంసం తింటున్నారో తేల్చే పద్ధతి

"మీరు శాకాహారులా, మాంసాహారులా?" అని అడిగితే మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఒకే జవాబు వస్తుంది. 2014లో జరిగిన నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. ఆ అంకె చూసి ఇక్కడ ప్రతి ఇంట్లో రోజూ కోడి తెగుతుందని నమ్మేవాళ్లున్నారు. దసరాకూ సంక్రాంతికీ తప్ప మాంసం ముఖం చూడని ఇల్లు ఆ 98లోనే ఉంది. ఆదివారం మటన్, బుధవారం చేపలు, శుక్రవారం కోడి తప్పని ఇల్లూ అందులోనే ఉంది. తింటారా తినరా అని అడిగితే ఏమీ తెలియదు. ఎన్నిసార్లు, ఎంత, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఇంట్లో ఎవరు తిన్నారు అని అడగాలి.

ఆహార సర్వేల్లో ఇంటింటికీ తిరిగి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. తూకం, కొలత గిన్నెలు సంచిలో వేసుకుని వెళ్లి, వంటింటి గడప దగ్గర కూర్చుని, నిన్న ఏమి తిన్నారమ్మా అని అడగడం నా పని. ఇప్పుడు అదే పద్ధతిని కాస్త తేలిక చేసి చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ నేర్పుతున్నాను. ఒక నోటుబుక్కు, వంటింట్లో పెట్టుకునే చిన్న తూకం, వారం రోజుల ఓపిక ఉంటే చాలు.

వారాన్ని ఎంచుకోవడం

మామూలు వారం కావాలి. పెళ్లి భోజనాలు, చుట్టాల రాక, పిల్లల జ్వరాలు ఉన్న వారం పనికిరాదు. మొదలుపెట్టే ముందు గోడమీది తెలుగు క్యాలెండర్ చూడండి. కార్తీక మాసంలో లెక్క వేస్తే మీ ఇల్లు మహా శాకాహార కుటుంబంగా తేలుతుంది. శ్రావణంలోనూ చాలా ఇళ్లలో అంతే. ఇంట్లో ఒకరు అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు అందరి కంచాలూ మారిపోతాయి. క్రైస్తవుల శ్రమదినాలకు, ముస్లింల రంజాన్ నెలకు వాటి లెక్క వాటిదే. మరోవైపు కనుమ, ముక్కనుమ, బోనాలు, దసరా, చేపల కోసం జనం ఎగబడే మృగశిర కార్తె ఉండనే ఉన్నాయి. వీటిలో ఏదైనా వచ్చే వారాన్ని వదిలేయండి. ఓపిక ఉంటే మామూలు రోజుల్లో ఒక వారం, నియమాల నెలలో ఒక వారం రాయండి. రెండూ పక్కపక్కన పెడితేనే ఇంటి అసలు రూపం కనిపిస్తుంది.

మామూలు వారమంటే అందులో నియమాలు లేవని కాదు. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వరస్వామికి పోగా మాంసానికి మిగిలేవి మూడు నాలుగు రోజులే. మధ్యలో ఏకాదశి వస్తే అందులో ఒకటి పోతుంది. ఒకే ఇంట్లో అత్తగారికి శనివారం నియమం, కోడలికి సోమవారం, మామగారికి ఏ నియమమూ లేకపోవడం నేను ఎన్నో చోట్ల చూశాను. పుస్తకం మొదటి పేజీలో ఎవరి నియమాలు వారి పేరు పక్కన రాసుకోండి. గుడ్డు సంగతి కూడా అక్కడే తేల్చండి. కొన్ని ఇళ్లలో అది నీచు కిందికి వస్తుంది, కొన్ని ఇళ్లలో రాదు. వాదన అనవసరం, దానికి వేరే గుర్తు పెడితే సరిపోతుంది.

పేజీ గీయడం, అడగడం

రోజుకొక పేజీ. ఎడమవైపు ఇంట్లో అందరి పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. పైన పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. నాలుగు గళ్లకూ ఈ గుర్తులు చాలు: కూరగాయకు "క", ఆకుకూరకు "ఆ", పప్పుకు "ప", గుడ్డుకు "గు", చేపకు "చే", కోడికీ మేకకూ "మా". ఏమి వండారో రాయడానికి ఈ పేజీలో చోటు పెట్టలేదు, కావాలనే. వండినదాన్ని రాస్తే అందరూ తిన్నట్టు కనిపిస్తుంది. ఎవరి కంచంలో పడిందో అదే రాయాలి.

రాత్రి పడుకునే ముందు అడగండి. "కూరగాయలు తిన్నారా?" అని అడిగితే అందరూ తిన్నామనే అంటారు, ఎవరూ తక్కువ చెప్పుకోరు. "పొద్దున లేచిన దగ్గరి నుంచి చెప్పండి, మొదట నోట్లో ఏమి పెట్టారు?" అని మొదలుపెట్టండి. టీ, టిఫిను, పదకొండు గంటలకు ఆఫీసులో ఏమైనా తిన్నారా, మధ్యాహ్నం అన్నంలో ముందు ఏమి కలిపారు, తర్వాత ఏమి కలిపారు, చివర పెరుగులోకి ఏమి నంజుకున్నారు. మన భోజనానికి ఒక వరస ఉంది కాబట్టి ఆ వరసలో అడిగితే ఎవరూ ఏదీ మరిచిపోరు. బయట తిన్నది మాత్రం రెట్టించి అడగాలి. ఇంటికి వచ్చే దారిలో తిన్న చికెన్ పకోడీ, సహోద్యోగి పుట్టినరోజు బిర్యానీ ఇంటి లెక్కలోకి ఎప్పుడూ రావు. ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలుంటే అక్కడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజులు అడిగి రాయండి. పిల్లలు గుడ్డు పచ్చసొన పక్కవాడికి ఇచ్చేస్తారు. అదీ అడగండి, నవ్వుతూ చెప్పేస్తారు.

ఏది కూరగాయ, ఏది కాదు

అందరూ నాతో పోట్లాడేది ఇక్కడే. బంగాళాదుంపను నేను కూరగాయగా లెక్కించను. రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆలూ, కర్రపెండలం లాంటి పిండి దుంపలను ఆ లెక్కలో కలపదు. ఆలూ వేపుడు చేసిన రోజు ఆ గడిని ఖాళీగా వదిలేయాల్సిందే. ఆవకాయ, మాగాయ కూరగాయలు కావు. నిల్వ గోంగూర కూడా కాదు, చెంచాడు ఊరగాయలో ఉండే ఆకు ఎంతని? అదే రోజు రోట్లో నూరిన బీరకాయ పచ్చడి, దోసకాయ పచ్చడి, వంకాయ పచ్చడి అయితే నిక్షేపంగా కూరగాయే. సాంబారులో రెండు ములక్కాడ ముక్కలు తేలినంత మాత్రాన "క" పడదు. పాలకూర పప్పు, తోటకూర పప్పులో ఆకు బాగా పడితే "ప", "ఆ" రెండూ రాయండి. కోడికూరలోకి తరిగిన ఉల్లిపాయలు, టమాటాలు కూడా బరువు తూగితే లెక్కే. ఎండు చేపలు, ఎండు రొయ్యలు గుప్పెడే పడతాయని వదిలేయకండి. కొన్ని ఇళ్లలో వారమంతటికీ నీచు అంటే అవే.

తూకం

సార్లు రాయడం తేలిక. బరువు కూడా తెలిస్తే గాని నిజం బయటపడదు. నా పద్ధతి ఇది. చెక్కు, తొడిమ, గింజలు తీసేశాక తరిగిన కూరగాయను పచ్చిగా తూచి రాసుకోండి. కూర దించాక గిన్నె బరువు తీసేసి కూరను తూచండి. ప్రతి ఒక్కరికీ వడ్డించేటప్పుడు ఒక్కసారి గరిటె బరువు చూసుకోండి. ఉదాహరణకు 600 గ్రాముల వంకాయలు తరిగితే కూర 500 గ్రాములు అయిందనుకుందాం. మామగారు 100 గ్రాములు వేసుకుంటే ఆయన తిన్నది కూరలో ఐదో వంతు, అంటే పచ్చి వంకాయలో 120 గ్రాములు. ఈ పని రోజూ చేయనక్కరలేదు. మీ గరిటె ఎంత మోస్తుందో ఒకటి రెండు రోజుల్లో చేతికి తెలిసిపోతుంది. పచ్చి బరువు 100 గ్రాములకు ఒక గీత చొప్పున గడిలో పెట్టుకుంటూ పోండి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల కంచానికి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు చెప్పింది. పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. అంటే మనిషికి రోజుకు నాలుగు గీతలు పడాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైన, వారానికి 11 కిలోలు, అదీ శుభ్రం చేశాక. ఈ ముక్క చెప్పగానే ఎదుటివారు నా ముఖం వైపు చూస్తారు. ఒకసారి రైతుబజారు నుంచి తెచ్చిన సంచి మొత్తం తూచి చూడండి, ఆలూ పక్కన పెట్టి. నేను చూసిన సంచుల్లో చాలావరకు అందులో సగం కూడా తూగలేదు. ఆకుకూర మరీ మోసం చేస్తుంది. పళ్లెం నిండా పోసిన తోటకూర పొయ్యి మీద పెడితే దోసెడు అవుతుంది. వేపుళ్లూ అంతే. అరకిలో బెండకాయలు వేయిస్తే నలుగురికి తలా రెండు చెంచాలు వస్తాయి.

పుస్తకం చదవడం

వారం గడిచాక ఒక్కొక్కరి వరుసా అడ్డంగా చదవండి. నాకు మూడు రకాల ఇళ్లు ఎక్కువగా తగులుతాయి.

మొదటి రకంలో ఆదివారం తప్ప మరో రోజు మాంసం ఉండదు, ఆదివారం మాంసం తప్ప మరొకటి ఉండదు. కిలో కోడి తెస్తారు, మధ్యాహ్నం కూర, రాత్రి మిగిలిన కూర, మధ్యలో చారు. ఆ రోజు "క", "ఆ" గళ్లు తెల్లగా మెరుస్తుంటాయి. మాంసం వండిన రోజు కూరగాయ తరగడం సుబ్బరంగా మానేస్తారు. వారం సగటు చెడేది అక్కడే.

రెండో రకం పూర్తి శాకాహారుల ఇల్లు. వాళ్లు తమ పుస్తకంలో కూరగాయలు నిండి ఉంటాయనుకుంటారు. తీరా చూస్తే పప్పు, ఆలూ వేపుడు, ఆవకాయ, చారు, పెరుగు. గీతలు రోజుకు ఒకటిన్నర దాటవు. మాంసం మానేయడానికీ కూరగాయ తినడానికీ సంబంధం లేదని ఈ పేజీలు చూస్తే తెలుస్తుంది.

మూడో రకం నన్ను కోపానికి గురిచేస్తుంది. భర్త వరుసలో నాలుగు "మా", ఒక "చే" ఉంటాయి, రెండు ఇంట్లోవి, మిగతావి బయటివి. పిల్లవాడి వరుసలో మూడు. వండిన ఆవిడ వరుసలో ఒకటి, అది కూడా గట్టిగా అడిగితే "పులుసు వేసుకున్నానండీ, ముక్కలు పిల్లలకు ఉంచాను" అని తేలుతుంది. ఇది ఏదో ఒక ఇంటి సంగతి అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వారానికి ఒక్కసారైనా చేపో, కోడో, మాంసమో తినేవారు మగవాళ్లలో సుమారు 57 శాతం, ఆడవాళ్లలో 45 శాతం. అసలెప్పుడూ తిననివారు ఆడవాళ్లలో 29 శాతం, మగవాళ్లలో 17 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఇంత తేడా. వ్రతాలు, ఉపవాసాలు కొంత కారణం, మగవాళ్ల బయటి తిండి కొంత, చివర కూర్చుని మిగిలినది తినే అలవాటు కొంత. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉందని తేలింది. ఇనుము ఎక్కువ అవసరమైన మనిషి కంచంలోకే ముక్క రావడం లేదు.

సరిదిద్దడం

ఈ ఇళ్లన్నిటికీ నేను చెప్పే మందు మన పాత వంటల్లోనే ఉంది. మాంసం బరువు పెంచకండి, కూరగాయలో కలిపి సార్లు పెంచండి. అరకిలో మటన్ ఒట్టి ఇగురు చేస్తే నలుగురికి ఒక పూట. అదే అరకిలోకి సమానంగా కూరగాయ పడితే రెండు పూటలు వస్తుంది, కూరగాయ గడీ నిండుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది, దాంతో కలిపి తిన్న ఆకుకూరలోని ఇనుము కూడా మామూలు కంటే ఎక్కువగా పడుతుంది. గోంగూర మాంసం కనిపెట్టిన వాళ్లకు ఈ సంగతి తెలియకపోయినా పని మాత్రం సరిగ్గా చేశారు.

గోంగూరతో ఒక జాగ్రత్త. మాంసంతో పాటే ఆకు వేసి ఉడికించకండి. పులుపు తగిలితే ముక్క మెత్తబడటానికి మొండికేస్తుంది. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి వేసి మాంసాన్ని కుక్కర్‌లో పూర్తిగా ఉడకనివ్వండి. ఆకును వేరే మూకుడులో కొద్ది నూనెతో మగ్గబెట్టి, గరిటెతో మెదిపి, ఆఖరున కలిపి పది నిమిషాలు దగ్గరకు రానివ్వండి. చుక్కకూరకూ చింతచిగురుకూ ఇదే వరస. చింతచిగురు వేసవి మొదట్లో దొరుకుతుంది, అరచేతుల మధ్య నలిపి ఈనెలు దులిపేయాలి. రొయ్యల్లోకి దానికి మించినది లేదని నా అభిప్రాయం.

దోసకాయ మాంసానికి ముందు దోసకాయను కొరికి చూడాలి. చేదు దోసకాయ ఒక్కటి పడినా మటన్ డబ్బులు దండగ. చెక్కు తీసి పెద్ద ముక్కలుగా కోయండి. మాంసం ముప్పావు వంతు ఉడికాక వేయండి, నీళ్లు పోయకండి, దోసకాయే వదులుతుంది. సొరకాయ కూడా అంతే. హైదరాబాద్ ఇళ్లలో శనగపప్పు, సొరకాయ, కాసిన్ని ఎముకలతో చేసే దాల్చాలో పప్పు, కూరగాయ, మాంసం మూడు గుర్తులూ ఒకే గిన్నెలో దొరుకుతాయి. నెలాఖరులో చేతిలో డబ్బు ఆడనప్పుడు వంకాయలో ఎండు రొయ్యలు వేయండి. తలలు, తోకలు గిల్లి, ఒట్టి మూకుడులో వేయించి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగితే ఇసుక పోతుంది. అరకిలో వంకాయకు గుప్పెడు చాలు. తోటకూరలోకీ, టమాటాలోకీ అవే రొయ్యలు.

వడ్డన దగ్గర ఒకటే మాట. ముక్కలు గిన్నెలోంచి గరిటెతో వెతుక్కునే పద్ధతి మాన్పించండి. అన్నానికి కూర్చునే ముందే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చిన్న గిన్నెల్లోకి కూర పంచేయండి, వండిన మనిషి గిన్నె ముందుగా. మొదట్లో కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. అత్తగారు ఏదో ఒకటి అంటారు. అననివ్వండి.

శాకాహారుల ఇంటికి, కార్తీకంలో మిగతా అందరికీ ఇవి పనికొస్తాయి. మధ్యాహ్నం ఒక కూర బదులు రెండు చేయండి, ఒకటి ఆకుకూర. పప్పులో ఆకు కట్ట ఒకటి వేసేవారు మూడు వేయండి, రుచి పెరుగుతుందే తప్ప చెడదు. వేపుడు వారానికి రెండుసార్లకు తగ్గించి ముద్దకూర, ఆవ పెట్టిన కూర, పులుసుకూర చేస్తే అదే మనిషి రెట్టింపు కూరగాయ తింటాడు. సొరకాయో కీరదోసో వేసిన పెరుగుపచ్చడి ఎండాకాలం పూటకు ఒక గీత తెస్తుంది. మాంసం లేదు కాబట్టి పప్పు, శనగలు, అలసందలు, వేరుశనగ రోజూ ఏదో ఒక రూపంలో కంచంలో ఉండాలి. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ లాభం పోతుంది, గంట ఆగండి.

వడ్డించే వరసలో అన్నం కంటే ముందు కూర పెట్టండి. అన్నం కొండలా పోశాక పక్కన కూరకు చోటు మిగలదు, కంచం అంచున గోలీకాయంత పడుతుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల లెక్క తిరగబడి ఉంటుంది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో రాయిస్తే వారంలో ఐదు రోజులు కోడి. ఎముక తీసి కోసిన మాంసం చౌక, పావుగంటలో కూర అవుతుంది. బెండకాయ గడ్డకట్టినది, గోంగూర దొరికినప్పుడే దొరుకుతుంది. ఆమెకు చెప్పింది ఒక్కటే, మన కూరగాయల కోసం ఎదురుచూడకుండా అక్కడి పాలకూర, క్యాబేజీ, చిక్కుళ్లు తెచ్చి కోడిలోనే వేయమని.

మార్పులు చేశాక నెల ఆగి మళ్లీ ఒక వారం రాయండి. ఈసారి పుస్తకం వంట చేసే మనిషి చేతికి ఇవ్వవద్దు. ఆమె గిన్నెను చూసి రాస్తుంది. ఇంట్లో మాంసం ఎక్కువసార్లు తినేవారెవరో వారికివ్వండి, రాత్రి అందరినీ వారే అడగాలి. సోమవారం మొదలుపెట్టించండి. ఆదివారం మొదలుపెడితే మొదటి పేజీ చూసి ఉత్సాహపడి గురువారానికి పుస్తకం ఎక్కడ పెట్టారో మరిచిపోతారు.